ముందు తేరుకోనివ్వండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగి ఉన్నాయి. కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి. కరెంటు లేక బోరు మోటార్లు ఆగాయి, ఫిల్టరు నీళ్ల ప్లాంట్లు ఆగాయి. ఇక దొడ్లో నుయ్యే దిక్కు. ఆ నూతిలోకి తొంగి చూస్తే టీ రంగు నీళ్లు, వాటి మీద తేలుతూ మట్టలూ ఆకులూ.

అలాంటి నూతి దగ్గర కంగారుపడిన మనిషి ఏం చేస్తాడు? ముందు చేద వేసి గిలకొడతాడు. ఆకులు తీసే తొందరలో అడుగున ఉన్న మట్టిని కూడా పైకి లేపుతాడు. తర్వాత పటిక ముక్క పడేస్తాడు. పది నిమిషాలకి నీళ్లు తేరలేదని ఇంకో ముక్క. పక్కింటాయన బ్లీచింగ్ అన్నాడని రెండు గుప్పిళ్లు. సాయంత్రానికి నీళ్లు అలాగే ఉంటాయి, పైగా ముక్కు మూసుకునేంత వాసన. పటిక మంచిదే, బ్లీచింగూ మంచిదే. వరస తప్పింది, మోతాదు తప్పింది.

ఉద్యోగం పోయిన కుర్రాడు చేసేదీ ఇదే, చూడండి. ఆ నెలలోనే ఊరు మారతాడు, అప్పు తెచ్చి కొట్టు పెడతాడు, ఇంట్లో నాన్నతో మాటలు మానేస్తాడు, ఒక కోచింగ్‌లోనూ చేరతాడు. ఆరు నెలల తర్వాత వీటిలో ఏది ఆదుకుందో, ఏది ముంచిందో అతనికే తెలీదు. అన్నీ ఒకేసారి కలిపేశాడు కదా! కష్టానికి మందులు మనలో చాలామందికి తెలుసు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంత అన్నదే తెలీదు. నూతి నీళ్లు తేర్చే పద్ధతిలో ఆ లెక్క శుభ్రంగా ఉంది.

కదపకండి

కవిటి వైపు పెద్దవాళ్లు ఇలాంటప్పుడు అనే మాట ఒక్కటే: "దాన్ని ఒగ్గీరా బాబూ, అదే తేరుతాది." సగం వరకూ ఆ మాట నిజం. ఏ సగమో తెలుసుకోవాలి.

మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీళ్లలో మీటరు లోతుకు దిగడానికి రెండు నిమిషాలు చాలు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న బంకమన్ను కణానికి అదే మీటరు దిగడానికి వారానికి పైగా పడుతుంది. అంతకన్నా సన్నవి అసలు దిగనే దిగవు. అంటే ముతకది దానంతటదే కూర్చుంటుంది, సన్ననిది కూర్చోదు.

కోపం ముతక సరుకు. గుజరాత్ వెరావల్‌లో వేట బోటు మీద పనిచేసే తమ్ముడు రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి, ఇంటి వాటా గురించి ఒక మాట తూలాడనుకోండి. ఆ రాత్రి జవాబు చెప్పకండి. "రేపు మాట్లాడదాం తమ్ముడూ, పడుకో" అని పెట్టేయండి. పొద్దుటికి అందులో ఇసుక ఎంతో, బంకమన్ను ఎంతో విడిపోతుంది. సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి. రాత్రి వచ్చిన వాట్సాప్ మెసేజీకి రాత్రే జవాబివ్వాలని ఏ చట్టంలోనూ లేదు.

"ఆగితే పని ఆగిపోదా?" అని అడుగుతారు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ కోసే యూనిట్ల వెనక్కి వెళ్లి చూడండి. రంపం కింద నుంచి వచ్చే నీళ్లు రాతి పొడితో పాలలా తెల్లగా ఉంటాయి. వాటిని తొట్లలోకి వదిలి, పొడి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లనే మళ్లీ రంపానికి పంపుతారు. తొట్లో నీళ్లు నిలబడి ఉంటాయి, రంపం మాత్రం ఆగదు. మీరూ గొడవను పక్కన తొట్లో పెట్టి, రోజువారీ పనిని నడవనివ్వండి. పనంతా మానేసి గొడవనే తలచుకుంటూ కూర్చోవడమంటే తొట్లో కర్ర పెట్టి తిప్పుతున్నట్టే.

ఒక్క ముక్క చాలు

ఇప్పుడు దిగని బంకమన్ను సంగతి. అనుమానం, అవమానం, ఏళ్ల నాటి పోలిక ఇలాంటివి. కాలం అన్నిటినీ మాన్పుతుందని చెప్పేవాళ్లు నా ఉద్దేశంలో ఈ సన్న కణాలను లెక్కలోకి తీసుకోలేదు.

బంకమన్ను ఎందుకు దిగదు? ప్రతి కణం మీదా రుణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటి మీదా అదే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దగ్గరకు చేరి బరువెక్కి మునిగే అవకాశమే రాదు. పటికలోని అల్యూమినియం దానికి వ్యతిరేక ఆవేశంతో వెళ్లి ఆ నెట్టుడును చల్లారుస్తుంది. అప్పుడు కణాలు గుంపు కట్టి, దూది పింజల్లా ముద్దలై కిందికి దిగుతాయి. అన్నదమ్ముల తగాదాలో జరిగేదీ దాదాపు ఇదే. ఇద్దరికీ ఉన్నది ఒకటే బాధ: అమ్మానాన్నలు నన్ను తక్కువ చూశారని. ఇద్దరిదీ ఒకే బాధ కాబట్టే ఒకరి దగ్గరికి ఒకరు రాలేరు. వాళ్ల మధ్యకి ఆ బాధ లేని మనిషి ఒకరు రావాలి. మేనమామ కావచ్చు, పాత మాస్టారు కావచ్చు.

ఒకరు అన్నాను, గమనించండి. పటిక ఎక్కువైతే కణాల మీద ఈసారి ధన ఆవేశం పేరుకుని, మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకోవడం మొదలెడతాయి. నీళ్లు మళ్లీ మసకబారతాయి. ఇరవై లీటర్ల బిందెలో గ్రాము పటిక వేస్తే లీటరుకు 50 మిల్లీగ్రాములు. మామూలు మురికికి అదే ఎక్కువ. ఐదుగురు పెద్దల్ని కూర్చోబెట్టి, అరుగు మీద పంచాయతీ పెట్టి, ఊరందరికీ తెలిసేలా చేసిన రాజీలు ఎందుకు విడిపోతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కలిపే తీరు కూడా ముఖ్యమే. నీటి శుద్ధి కేంద్రాల్లో పటిక వేయగానే కాసేపు జోరుగా కలుపుతారు, తర్వాత ఇరవై నిమిషాల పాటు చాలా నెమ్మదిగా తిప్పుతారు, ఆపైన కదపరు. మొదటి జోరు పటికను అంతటా పంచడానికి. తర్వాతి నెమ్మది ముద్దలు కట్టడానికి. అక్కడ కూడా జోరు చేస్తే కట్టిన ముద్దలు చిట్లిపోతాయి. చెప్పాల్సింది ఒకసారి గట్టిగా చెప్పండి. తర్వాత గొంతు తగ్గించండి. ఆ తర్వాత నోరు మూసుకోండి! మూడోది కష్టమని నాకూ తెలుసు.

పటిక కొట్లకు రాకముందు మనవాళ్లు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. గంటల్లో తేట వచ్చేది. ఉద్దానంలో దొడ్డిదొడ్డికీ కనిపించే మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. కాకపోతే అలా తేర్చిన నీళ్లను ఆ రోజే వాడేయాలి, నిలవ ఉంచితే పాడవుతాయి. ఈ చిల్లగింజ ప్రస్తావన మనుస్మృతి ఆరో అధ్యాయంలోనూ ఉంది. గింజ పేరు జపించినంత మాత్రాన నీళ్లు తేరవన్నది అక్కడి భావం. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కొని బీరువాలో సర్దుకునేవాళ్ల గురించి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదేమో.

బ్లీచింగ్ వంతు చివరిదే. బురద నీళ్లలో వేస్తే క్లోరిన్‌ను ఆ బురదే తినేస్తుంది, సూక్ష్మజీవులు మట్టి రేణువుల చాటున బతికిపోతాయి. తేరిన తర్వాతే వేయాలి, కొలిచి వేయాలి. రెండు మీటర్ల వెడల్పు నూతిలో మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున, మామూలు రోజుల్లో నూతి మొత్తానికి 24 గ్రాముల లోపే. రెండు గుప్పిళ్ల మనిషి ఎన్ని రెట్లు వేశాడో మీరే లెక్క కట్టుకోండి. పౌడరును బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనున్న తేటనే నూతిలోకి దించాలి. గంట తర్వాతే తోడాలి. వరద నీరు కలిసిన నూతికి ఈ మోతాదు చాలదు. నీళ్లన్నీ తోడించి, అడుగు తీయించి, ఆరోగ్య సిబ్బంది చెప్పిన మోతాదు వేయాలి.

డబ్బు చిక్కుల్లో మనం చేసేది సరిగ్గా ఆ గుప్పిళ్ల పనే. జీడి పిక్కల సీజన్ దెబ్బతిన్న రైతు ఉన్న అప్పు ఎంతో కాగితం మీద రాయకుండానే కొత్త అప్పుకు బయల్దేరతాడు. పాత అప్పుల బురద కదులుతుండగానే కొత్త డబ్బు పోస్తే ఆ బురదే దాన్ని తాగేస్తుంది. ముందు కాగితం తీయండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి అన్నది రాయండి. కొత్త అప్పు మాట ఆ తర్వాత.

తేట చూసి తాగకండి

ఉద్దానం మనిషికి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి నూతుల్లో చాలావాటిలో నీళ్లు అద్దంలా ఉండేవి. అవి తాగుతూ బతికిన ఊళ్లలోనే వేల కుటుంబాలు కిడ్నీ జబ్బుతో చితికిపోయాయి. కారణం నీళ్లేనా, ఎండలో చాకిరీనా, ఇంకేమైనానా అన్నది ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా ఇదీ అని తేలలేదు. అందుకే నీళ్ల మీదా నేరం మోపను. కంటికి కనిపించే తేట ఏ భరోసా ఇవ్వదన్నంతవరకే నా వాదన. ఈ జబ్బును ఎదుర్కోవడానికి హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల సుజలధార పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండూ 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి.

నీటి మసకను ఎన్‌టీయూ అనే కొలతతో కొలుస్తారు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో 1 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 5 వరకూ. దాదాపు 4 లోపు ఉన్న మసకను మన కన్ను పట్టలేదు. కరిగిన ఉప్పులు, ఫ్లోరైడ్ లాంటివి ఎంత ఉన్నా అసలు కనిపించవు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి తప్ప ఈ కరిగినవి పోవు. కిడ్నీ జబ్బుదీ అదే తీరు. చాలాదూరం వెళ్లేదాకా మనిషికి ఏమీ అనిపించదు, రక్తంలో క్రియాటినిన్ అంకె మాత్రం ముందే చెబుతుంది.

కాబట్టి ఇల్లు సద్దుమణిగిందనగానే అంతా బాగుపడిందని అనుకోకండి. అరుపులు ఆగడం తేట మాత్రమే. పరీక్ష తప్పిన పిల్లాడు నవ్వుతూ తిరుగుతున్నాడా? మంచిదే. రాత్రి నిద్రపోతున్నాడా, అన్నం తింటున్నాడా, పుస్తకం తెరిచాడా చూడండి. మొహం ఎలా ఉందో కాదు, ఈ మూడూ ఎలా ఉన్నాయో చూసి నిర్ణయానికి రండి. రాజీ పడిన అన్నదమ్ములు పండక్కి ఒకరింటికి ఒకరు వెళ్లారా? అప్పు తీరుస్తున్నానన్న మనిషి అసలులో ఎంత కట్టాడు?

ఈ వరస మన నూతులకే కాదు. అమెరికాలో స్థిరపడి, పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్న మన జిల్లా పిల్లలూ పూల్ మసకబారగానే దొరికిన డబ్బాలన్నీ ఒకేసారి ఒంపుతారు. వాళ్లకీ ఇదే వరస వర్తిస్తుంది. చెత్త తీసి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందో లేదో, క్లోరిన్ సరిపోయిందో లేదో కొలిచి, ఫిల్టరును గంటల తరబడి తిరగనివ్వాలి. అప్పటికీ తేరకపోతేనే ముద్ద కట్టించే మందు. అది వేసి కలిపాక పంపు ఆపేసి రాత్రంతా వదిలేయాలి. అడుక్కి దిగిన మడ్డిని పొద్దున్న వాక్యూమ్‌తో తీసి, ఫిల్టరులోకి పోనివ్వకుండా నేరుగా బయటికి వదలాలి. పలాస నుయ్యికైనా టెక్సాస్ పూల్‌కైనా తొందరపడే మనిషి చేసే చేటు ఒకటే.

ఇంతసేపు చదివారు కాబట్టి ఒక పని అడుగుతాను. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో నీటి పరీక్ష కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు మహిళల చొప్పున శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో ఆ కిట్టు ఎవరి దగ్గరుందో పంచాయతీలో అడగండి. మీ నూతి నీళ్లు సీసాలో పట్టి వాళ్లకైనా, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకైనా ఇవ్వండి. ఆ వెళ్లే దారిలోనే, ఇంట్లో నలభై దాటినవాళ్లని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఈ వారంలోనే వెళ్లండి.