సోలో ఒక్కటే చాలదు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పదహారేళ్ల మా అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది. కార్నెగీ హాల్ వారి నేషనల్ యూత్ ఆర్కెస్ట్రాకు దరఖాస్తు చేయాలనుకుంటోంది. సోలోగా వాయించడానికి బాగా సాధన చేసిన కన్‌చెర్టో ఉంది. అది చాలదా?

జవాబు: చాలదండీ. 2013లో మొదలైన ఈ వేసవి శిక్షణ 16 నుంచి 19 ఏళ్ల అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినది. ఎంపికైతే ఫీజు ఉండదు కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. చాలావరకు ముందెన్నడూ కలిసి వాయించని పిల్లలు కొద్ది వారాల్లోనే ఒక్క గొంతుగా మారి పర్యటనకు బయల్దేరాలి. కాబట్టి పక్కవారితో కలిసి నడవగలరా అన్నదే అసలు పరీక్ష. అది తేలేది ఆర్కెస్ట్రా రచనల నుంచి అడిగే చిన్న భాగాల్లోనే. కన్‌చెర్టోలో లయను కాస్త సాగదీస్తే భావం అనిపించుకుంటుంది. మొజార్ట్ సింఫనీలో అదే తప్పవుతుంది. రిచర్డ్ స్ట్రాస్ ‘డాన్ హువాన్’ మొదటి పేజీ వేళ్ల వేగాన్ని, శ్రుతిని, లయను ఒకేసారి నిలదీస్తుంది.

దరఖాస్తుతో పంపే వీడియోను ఎన్నిసార్లైనా తీయవచ్చు, ఖరీదైన మైకున్నవారికే మేలు కదా అని మీకు అనిపించవచ్చు. మైకు నాదానికి మెరుగు పెడుతుందేమో గానీ జారిన లయను నిలబెట్టలేదు. కన్‌చెర్టోను వదిలేయమని కాదు, నాదమూ వ్యక్తిత్వమూ అందులోనే తెలుస్తాయి. అయితే సాధనలో పెద్ద వాటా చిన్న భాగాలకే ఇవ్వండి. ఈ ఏడాది అడిగిన భాగాల జాబితా, గడువు ముందే చూసుకోండి. మెట్రోనోమ్‌తో నెమ్మదిగా మొదలుపెట్టించి, మిగతా వాద్యాలు ఏం వాయిస్తున్నాయో పూర్తి స్కోరులో చూడమనండి.