మధ్యాహ్నపు మగత – ఇంటి చదువు – ఖైలూలా సున్నత్

ఇంట్లోనే పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పుకునే తల్లులు మన సమాజంలో చాలామంది ఉన్నారు. కొందరు హిఫ్జ్ పూర్తయ్యే వరకు పిల్లలను ఇంటి వద్దే ఉంచుతారు. కొందరు ఆడపిల్లలు బడి దూరమైనందువల్ల ఇంట్లో ఉండి, ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్షకు సిద్ధమవుతారు. ఈ తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఉదయమంతా పాఠాలు బాగానే సాగుతాయి. జుహ్ర్ నమాజు, భోజనం అయ్యి కూర్చున్నామంటే మాత్రం పిల్లలు కునికిపాట్లు పడతారు. మా కళ్ళు కూడా మూతలు పడతాయి. పడుకుంటే బద్ధకం అలవాటవుతుందని భయం. పడుకోకపోతే పాఠం సాగదు, కోపం వస్తుంది, చేయి లేస్తుంది. ఏం చేయాలి?"

ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. కాని రోజూ ఇదే వేళలో, ఇదే పాఠం ముందు తిట్లు తినే పిల్లవాడి మనసులో ఖుర్ఆన్, తిట్లు రెండూ ఒకటిగా ముద్రపడిపోయే ప్రమాదముంది. ఎంతో ప్రేమతో మొదలుపెట్టిన ఇంటి చదువు పిల్లవాడిని ధర్మానికి దగ్గర చేయడానికి బదులు దూరం చేయకూడదు. అందుకే ఈ నెల పాఠంలో ఈ ప్రశ్ననే తీసుకుందాం.

పగటి నిద్ర కూడా ఒక సూచనే

సూరయె రూమ్ 23వ ఆయతులో అల్లాహ్ తన సూచనలను వివరిస్తూ, మానవులు రాత్రిపూట, పగటిపూట నిద్రించడాన్ని కూడా వాటిలో చేర్చాడు. గమనించండి, అక్కడ రాత్రితో పాటు పగటి ప్రస్తావన కూడా ఉంది. సూరయె నబా 9వ ఆయతులో నిద్రను మనకు విశ్రాంతిగా చేశానని తెలియజేశాడు. కనుక మధ్యాహ్నం కళ్ళు మూతలు పడటం పాపమూ కాదు, పిల్లవాడి మొండితనమూ కాదు. అది మన సృష్టికర్త మనలో పెట్టిన అవసరం.

వైద్యులు చెప్పేది కూడా ఇదే. మన శరీరంలో ఒక సహజమైన గడియారం ఉంది. దాని ప్రకారం మధ్యాహ్నం సుమారు ఒంటిగంట నుండి మూడు గంటల మధ్య చురుకుదనం కొంత తగ్గుతుంది. భోజనం చేయనివారిలో కూడా ఈ తగ్గుదల కనిపిస్తుంది. కడుపు నిండా తిన్నవారిలో, రాత్రి నిద్ర చాలనివారిలో అది మరింత ఎక్కువవుతుంది.

ఖైలూలా అంటే ఏమిటి?

మధ్యాహ్న వేళ కాసేపు నడుము వాల్చడాన్ని అరబ్బీలో ఖైలూలా అంటారు. నిద్ర పట్టినా పట్టకపోయినా అది ఖైలూలాయే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కాలంలో ఇది ఇంటింటి అలవాటు. శుక్రవారం నాడు తాము జుమా నమాజు తర్వాతనే భోజనం, ఖైలూలా చేసేవారమని హజ్రత్ సహల్ బిన్ సాద్ (రజి) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ప్రవక్త (సఅసం) హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఇంట ఖైలూలా చేసేవారని ఆమె కుమారుడు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు.

బుఖారీలోని మరో సంఘటన చూడండి. ఒకరోజు ప్రవక్త (సఅసం) తన కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటికి వెళ్ళారు. అక్కడ హజ్రత్ అలీ (రజి) లేరు. ఎక్కడున్నారని అడిగితే, తమ ఇద్దరి మధ్య ఏదో మాట వచ్చిందని, ఆయన కోపంతో బయటికి వెళ్ళిపోయారని, ఇంట్లో ఖైలూలా చేయలేదని ఆమె చెప్పారు. ఆయన మస్జిదులో, ఒంటికి మట్టి అంటుకుని పడుకొని ఉన్నారు. ప్రవక్త (సఅసం) స్వయంగా వెళ్ళి, ఆ మట్టి దులుపుతూ "అబూ తురాబ్" అని ఆప్యాయంగా పిలిచి లేపారు. ఈ సంఘటనలో రెండు పాఠాలున్నాయి. ఆ వేళ ఇంట్లో విశ్రమించడం వారికి ఎంత సహజమంటే, విశ్రమించకపోవడమే చెప్పుకోదగ్గ విషయమైంది. రెండవది, పడుకున్నవారిని లేపే పద్ధతి. ప్రవక్త (సఅసం) అరవలేదు, మందలించలేదు, ముద్దుపేరుతో లేపారు. మన పిల్లలను లేపేటప్పుడు మనం ఏ పేర్లతో పిలుస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

షైతానులు ఖైలూలా చేయరు కనుక మీరు చేయండి అనే భావం గల ఒక ఉల్లేఖనం తబరానీలో ఉంది. దాని సనదు బలహీనమని కొందరు పండితులు అన్నారు. షేఖ్ అల్బానీ దానిని హసన్‌గా పేర్కొన్నారు. అయితే పైన చెప్పిన ప్రామాణిక హదీసులే మనకు చాలు. ఖైలూలా ఫర్జ్ కాదు, వాజిబ్ కాదు. రాత్రి ఆరాధనకు, పగటి పనికి బలం చేకూర్చుకోవాలనే సంకల్పంతో చేస్తే ఆ విశ్రాంతికి కూడా పుణ్యం ఆశించవచ్చు.

నిద్రమత్తులో పాఠం వద్దు

నమాజులో కునుకు వస్తే, నిద్ర తీరే వరకు పడుకోవాలని ప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. నిద్రమత్తులో మనిషి క్షమాపణ కోరబోయి తనను తానే శపించుకోవచ్చునని దానికి కారణం కూడా చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. రాత్రి నమాజులో నిలబడినవాడికి నాలుక మీద ఖుర్ఆన్ సరిగా పలకకపోతే పడుకోమన్న ఆదేశం ముస్లింలో ఉంది.

పెద్దవారికే, అదీ నమాజులోనే, ఈ సౌలభ్యం ఉన్నప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడి సబఖ్ విషయంలో మనకెందుకింత కఠినత్వం? నిద్రమత్తులో చదివిన పిల్లవాడు హర్ఫులు తప్పుతాడు, మద్దులు మింగేస్తాడు. ఆ తప్పే కంఠస్థమైతే, దాన్ని సరిదిద్దడానికి కొత్త పాఠం కంటే ఎక్కువ శ్రమ పడుతుంది. అరగంట నిద్ర ఆపి సంపాదించింది ఏమీ ఉండదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రతి గురువారం ప్రజలకు ఉపదేశం చేసేవారు. రోజూ చేయమని ఒకరు కోరితే, మీకు విసుగు కలిగించడం తనకు ఇష్టం లేదని, ప్రవక్త (సఅసం) కూడా తమ విషయంలో ఇలాగే సమయం చూసి ఉపదేశించేవారని ఆయన చెప్పారు. వినేవాడి స్థితి చూసి బోధించడం ఉపాధ్యాయుని బాధ్యత. ఇంట్లో బోధించే తల్లికి కూడా ఇది వర్తిస్తుంది.

మగత ఎందుకు ఎక్కువవుతోంది?

కాసేపు కునుకు రావడం సహజం. కాని రోజూ రెండు మూడు గంటలు మొద్దునిద్ర పోతున్నారంటే కారణం వేరే ఉంది.

మొదటి కారణం రాత్రి మేల్కొనడం. ఇషాకు ముందు నిద్రించడం, ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం ప్రవక్త (సఅసం)కు నచ్చేవి కావని హజ్రత్ అబూ బర్జా (రజి) తెలిపారు. మన ఇళ్ళలో కబుర్ల స్థానంలో ఫోను వచ్చి కూర్చుంది. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని వైద్యులు అంటున్నారు. రాత్రి 11 గంటలకు పడుకున్న పదేళ్ళ పిల్లవాడిని ఫజ్ర్ కోసం 5 గంటలకు లేపితే, వాడికి దక్కింది 6 గంటలే. కనీసం 3 గంటల లోటు. ఆ లోటును అరగంట ఖైలూలా పూడ్చలేదు. దానికి మందు రాత్రి త్వరగా పడుకోవడమే, అదీ ఇంటి పెద్దలతోనే మొదలుకావాలి. అబ్బా చేతిలో ఫోను వెలుగుతుండగా పిల్లలకు నిద్ర పట్టదు.

రెండవ కారణం భోజనం. కడుపులో మూడోవంతు తిండికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు అని ప్రవక్త (సఅసం) హద్దు చూపినట్లు హజ్రత్ మిఖ్దామ్ (రజి) ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. బగారా అన్నం, మాంసం కూర కడుపు నిండా పెట్టి, వెంటనే లెక్కల పుస్తకం తెరిస్తే ప్రయోజనం ఉండదు. చదువు ఉన్న రోజుల్లో మధ్యాహ్నం తేలికగా పప్పు, కూర, పెరుగు పెట్టి, బరువైన వంటలు సెలవు రోజుకు ఉంచుకోవడం మేలు.

మూడవది అనారోగ్యం. రాత్రి బాగా నిద్రపోయినా పగలంతా నీరసంగా ఉంటే, ముఖ్యంగా ఎదిగే ఆడపిల్లల్లో, రక్తహీనత ఉందేమో డాక్టరుకు చూపించాలి. బిడ్డను బద్ధకస్తురాలని నిందించే ముందు ఈ పరీక్ష చేయించడం తల్లిదండ్రుల బాధ్యత.

ఇంటి బడి వేళలు ఇలా అమర్చుకోవచ్చు

తెల్లవారు జామున తన సముదాయానికి శుభం ప్రసాదించమని ప్రవక్త (సఅసం) దుఆ చేశారు. దాన్ని ఉల్లేఖించిన హజ్రత్ సఖర్ గామిదీ (రజి) వ్యాపారి. ఆయన తన సరుకును తెల్లవారుజామునే పంపేవారు, సంపన్నులయ్యారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఈ హదీసు ఉంది. చదువు కూడా ఒక సరుకే అనుకుంటే, విలువైన దాన్ని ఉదయమే పంపాలి.

ఫజ్ర్ తర్వాత: ఖుర్ఆన్ కొత్త సబఖ్. అప్పుడు మనసు ఖాళీగా ఉంటుంది.

నాష్తా తర్వాత 11 గంటల వరకు: లెక్కలు, సైన్సు వంటి ఆలోచించవలసిన పాఠాలు.

11 నుండి జుహ్ర్ వరకు: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు చదవడం, రాయడం.

జుహ్ర్, భోజనం తర్వాత: 20 నుండి 30 నిమిషాల ఖైలూలా. అంతకు మించితే లేచిన తర్వాత తల బరువుగా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలు ఇంకాసేపు పడుకోవచ్చు. నిద్ర రాని పిల్లలను బలవంతపెట్టకుండా మౌనంగా పడుకోనిస్తే చాలు.

లేచిన తర్వాత అస్ర్ వరకు: చేతులతో, నోటితో చేసే పనులు. అందమైన దస్తూరి, పటాలు గీయడం, సీరత్ సంఘటనలు చెప్పించడం. కొత్త పాఠం ఈ వేళ మొదలుపెట్టవద్దు.

అస్ర్ తర్వాత ఆట. మగ్రిబ్ తర్వాత పాత పాఠాల ఆమోఖ్తా.

ఈ వేళలే ఖచ్చితమని మేము అనడం లేదు. ఎండాకాలంలో ప్రభుత్వం కూడా ఒంటిపూట బడులు నడుపుతుంది కదా! వాతావరణాన్ని బట్టి, రమజాన్‌లో సహరీని బట్టి మార్చుకోవచ్చు.

తల్లికి కూడా హక్కు ఉంది. శరీరానికి, కళ్ళకు మనపై హక్కు ఉందని ప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. తెల్లవారుజాము నుండి వంట, చంటిబిడ్డ, పాఠాలు అన్నీ మోసే తల్లి పిల్లలు పడుకున్నప్పుడు అంట్లు ముందేసుకోకుండా తానూ నడుము వాల్చాలి. ప్రవక్త (సఅసం) ఇంట్లో తన భార్యలకు పనిలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. సెలవు రోజున ఆ అరగంట బిడ్డను ఎత్తుకోవడం తండ్రికి తక్కువేమీ కాదు.

ఖైలూలా మర్యాదలు

1. ముందుగా జుహ్ర్ నమాజు పూర్తిచేసుకోవాలి. అస్ర్ నమాజు తప్పేలా పడుకోకూడదు, అలారం పెట్టుకోవాలి.

2. కుడిపక్కకు తిరిగి పడుకోవాలి. బోర్లా పడుకోవడాన్ని ప్రవక్త (సఅసం) వారించారు.

3. సూరయె నూర్ 58వ ఆయతు ప్రకారం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత – ఈ మూడు సమయాలలో చిన్నపిల్లలు కూడా అనుమతి తీసుకునే పెద్దల గదిలోకి రావాలి. "అమ్మీ, రావచ్చా?" అని తలుపు దగ్గర అడగడం పిల్లలకు నేర్పించండి. ఖైలూలా వేళ ఈ ఆయతును ఆచరణలో నేర్పే సమయం.

4. పడుకుని నిద్రపోతే వుజూ భంగమవుతుంది. లేచాక దుఆ చదివి, వుజూ చేసి, తర్వాతే ముస్‌హఫ్ తాకాలి. చల్లటి నీళ్ళు ముఖానికి తగలడంతో మిగిలిన మగత కూడా పోతుంది.

5. ఆవులింత వస్తే వీలైనంత ఆపుకోవాలి, నోటికి చేయి అడ్డం పెట్టుకోవాలి.

6. అస్ర్ తర్వాత నిద్రిస్తే మతి పోతుందనే ఉల్లేఖనం బలహీనమైనది. దాన్ని హదీసుగా పిల్లలకు చెప్పవద్దు. అయితే ఆ వేళ నిద్ర రాత్రి నిద్రను చెడగొడుతుంది కనుక మానుకోవడం మంచిది.

ఇంట్లో చర్చించుకోవలసిన ప్రశ్నలు

మన ఇంట్లో చివరి దీపం ఎన్ని గంటలకు ఆరుతుంది? పిల్లలకు వారి వయసుకు తగిన నిద్ర అందుతోందా? గత వారంలో పాఠం చదవలేదని పడిన తిట్లలో ఎన్ని మధ్యాహ్నం వేళ పడ్డాయి? ఒక వారం రోజులు ఒక కాగితం మీద రాసుకుని చూడండి. జవాబు మీకే తెలుస్తుంది.

అల్లాహ్ మన రాత్రులలో విశ్రాంతిని, ఉదయాలలో శుభాన్ని, మన పిల్లల హృదయాలలో తన గ్రంథం పట్ల ప్రేమను ప్రసాదించుగాక! ఆమీన్.