జియు-జిట్సులో చేర్చే ముందు గురువుని చూడండి

స్నేహితుడు చేరాడనో, ఫోన్లో వీడియో చూశాననో మీ అబ్బాయో అమ్మాయో వచ్చి "నేనూ జియు-జిట్సు నేర్చుకుంటా" అంటే కంగారు పడకండి. ఒకరి మీద ఒకరు పడి, మెడలు పట్టుకుని, చేతులు మెలిపెట్టే ఆట చూసి కన్నవాళ్లు జంకడం సహజం. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఇప్పుడు ఈ శిక్షణ దొరుకుతోంది. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలకైతే ఇది ఈత, కరాటే లాగే బడి అయ్యాక వెళ్లే క్లాసు. ఎక్కడున్నా తల్లిదండ్రుల సందేహాలు మాత్రం ఒకటే. దెబ్బలు తగులుతాయా? పిల్లలు దురుసుగా తయారవుతారా? ఆడపిల్లని పంపొచ్చా?

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆట కన్నా ఆట నేర్పే మనిషిలో ఎక్కువ ఉంటుంది. మంచి గురువు దొరికితే ఒంటికీ మనసుకీ ఇంత మేలు చేసే ఆటలు తక్కువ. దొరక్కపోతే, దొరికేదాకా ఆగడమే మంచిది.

ఈ విద్య ఎక్కడిది?

దీనికి మూలం జపాన్. కానో జిగోరో 1882లో కొడోకాన్ స్థాపించి జూడోని తీర్చిదిద్దారు. అక్కడ తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరారు. బెలెమ్ నగరంలో ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ 1925లో రియో డి జనీరోలో సొంత అకాడమీ తెరిచి, తమ్ముళ్లకూ ఈ విద్య అందించారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాడు ఎలియో. బక్కపలచని మనిషి కావడంతో కండబలం మీద ఆధారపడకుండా ఒడుపుని, సమయాన్ని, ఓపికని నమ్ముకున్నారు. అలా జూడో నుంచి ఎదిగిందే ఈ బ్రెజిలియన్ జియు-జిట్సు. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో, వేర్వేరు యుద్ధవిద్యలవారు తలపడే యూఎఫ్‌సీ పోటీలు మొదటిసారి జరిగినప్పుడు ఎలియో కొడుకు రాయిస్, తనకన్నా బరువైన ప్రత్యర్థులను వరసగా లొంగదీసి గెలిచారు. ప్రపంచం ఈ ఆట వైపు తిరిగి చూసింది అప్పుడే.

ఈ కథ చెప్పి పిల్లల్ని చేర్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కథ నిజమే. అలాగని నాలుగు నెలలు నేర్చుకున్న మీ పిల్లాడు తనకన్నా పెద్దవాడిని పడగొట్టేస్తాడని ఆశపడకండి. కింద పడ్డా బెదిరిపోకుండా, ఊపిరి నిలుపుకుని, బయటపడే దారి వెతుక్కోవడం నేర్చుకుంటాడు. ఆ వయసులో అది చిన్న సంపాదనేమీ కాదు. పైగా ఆటగా నేర్పే జియు-జిట్సులో గుద్దడాలు, తన్నడాలు ఉండవు. పట్టుకోవడం, పడేయడం, అదిమి ఉంచడం, విడిపించుకోవడం, చివరికి ఓటమి ఒప్పించడం, ఇంతే.

చేర్చే ముందు ఒక క్లాసు పూర్తిగా చూడండి

ఫీజు అడగక ముందే ఒక మూల కూర్చుని క్లాసు మొదటి నుంచి చివరి దాకా చూస్తానని అడగండి. తల్లిదండ్రులు చూడకూడదంటే లేచి వచ్చేయండి.

అన్నిటికన్నా ముందు గమనించాల్సింది 'ట్యాప్'. పట్టు బిగిసిందని తెలియగానే కిందున్నవారు అరచేత్తో ఎదుటివారి ఒంటి మీదో, నేల మీదో రెండు మూడు సార్లు తడతారు. చేతులు ఇరుక్కుపోతే నోటితో చెబుతారు. మరుక్షణం ఎదుటివారు వదిలేయాలి. ఈ ఆటలో కీళ్లు, మెడ భద్రంగా ఉండేది ఈ ఒక్క నియమం వల్లే. మంచి గురువు మొదటి రోజే దీన్ని నేర్పుతారు. తట్టినా వదలని పిల్లవాడు కనిపిస్తే క్లాసు ఆపి, వాడిని పక్కకి పిలిచి, ఎందుకు వదలాలో చెబుతారు. తట్టిన పిల్లని మెచ్చుకుంటారు. "అప్పుడే తట్టేశావా, ఇంకాసేపు ఓర్చుకోలేవా?" అని వెక్కిరించే శిక్షకుడి దగ్గర, ఆయనకి ఎన్ని పతకాలున్నా, మీ పిల్లల్ని ఉంచకండి.

రెండోది, ముందు ఏం నేర్పుతున్నారన్నది. ఒక పాప వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఇంకో పాప ఆమె పొట్ట మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటుంది. దీన్ని మౌంట్ అంటారు. కిందున్న పాప వెంటనే చేతులు చాచి పైనున్న పాపని నెట్టబోతుంది. ఎవరైనా చేసేది అదే. చాచిన ఆ చెయ్యే పైవాళ్లకి దొరికిపోతుంది. గురువు ఓపిక ఉన్నవారైతే పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "మోచేతులు పక్కటెముకలకి ఆనించు. ఇప్పుడు పక్కకి తిరుగు. పాదం నేలకి తన్ని పిరుదులు వెనక్కి జరుపు. చూడు, ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలోకి మోకాలు తెచ్చుకో" అని ఒక్కో మెట్టూ చేయిస్తారు. పైనున్న పాపకి "కొంచెం బరువు తగ్గించు, తనకి కుదిరాక పెంచుదువుగాని" అని చెబుతారు. పాప బయటపడుతుంది. రెండోసారి బరువు కాస్త పెరుగుతుంది. మళ్లీ బయటపడుతుంది. ఇలా నేర్పేచోట పిల్లలకి భయం దానంతట అదే వదిలిపోతుంది.

నడుము వెనక్కి జరిపే ఆ కదలికని ష్రింప్ అంటారు. సంగీతంలో సరళీ స్వరాల్లాగా దాన్ని రోజూ సాధన చేయాల్సిందే. ఆ విసుగు పుట్టించే పనిని పిల్లల చేత నవ్వుతూ చేయించగలవారే గురువు.

మూడోది, జతలు కట్టడం. ముప్ఫై కిలోల పిల్లాడిని యాభై కిలోల పిల్లాడితో వదిలేస్తున్నారా? కొత్తగా వచ్చినవారిని పాతవారు ఆదరిస్తున్నారా? అందరూ తలపడుతున్నప్పుడు గురువు కళ్లు ఎక్కడున్నాయి, చాప మీదా, ఫోన్ మీదా? మన తాలింఖానాల్లో కుర్రాళ్లు కుస్తీ పడుతుంటే ఉస్తాదు పక్కనే నిలబడి కనిపెట్టుకుని ఉండేవారు. ఆ కాపలా ఇక్కడా ఉండాలి.

బెల్టుల గురించి తెలుసుకోండి

మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, బెల్టు ఎవరిచ్చారు అని గురువుని మర్యాదగా అడగండి. ఈ విద్యలో అది తప్పు పట్టే ప్రశ్న కాదు, ఎవరైనా సంతోషంగా చెబుతారు. బ్లాక్ బెల్టు లేనంత మాత్రాన పనికిరారనీ అనుకోకండి. శ్రద్ధగా నేర్పే పర్పుల్ (ఊదా), బ్రౌన్ (గోధుమ రంగు) బెల్టులవారు పిల్లలకి చాలా బాగా పాఠాలు చెబుతారు. దాచిపెట్టేవారితోనే జాగ్రత్త.

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నియమాల ప్రకారం పిల్లలకి తెలుపు తర్వాత బూడిద రంగు, పసుపు, నారింజ, ఆకుపచ్చ బెల్టులుంటాయి. పసుపు 7 ఏళ్లకి, నారింజ 10 ఏళ్లకి, ఆకుపచ్చ 13 ఏళ్లకి ముందు ఇవ్వరు. పెద్దల వరసలో వచ్చే నీలం బెల్టుకి కనీసం 16 ఏళ్లు, బ్లాక్ బెల్టుకి కనీసం 19 ఏళ్లు ఉండాలి. నీలం, ఊదా, గోధుమ రంగులు దాటుకుని నలుపు చేరడానికి చాలామంది పెద్దలకి పదేళ్ల దాకా పడుతుంది. రెండు మూడేళ్లలో మీ పదేళ్ల పిల్లాడికి బ్లాక్ బెల్టు ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడితో మాట ముగించండి. పక్కింటివారి పిల్లాడికి బెల్టు వచ్చింది, నీకెందుకు రాలేదని మీరూ అడగకండి. మార్కుల పోటీ పిల్లలకి బడిలో ఉన్నది చాలు.

పుస్తకం ఎలా వాడాలి?

గురువు తర్వాత స్థానం మంచి పుస్తకానిది. ఎన్నోసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన బ్రెజిల్ ఆటగాడు సౌలో రిబేరో, కెవిన్ హోవెల్‌తో కలిసి రాసిన 'జియు-జిట్సు యూనివర్సిటీ' 2008లో వచ్చింది. ఫొటోలతో నిండిన పెద్ద పుస్తకం. అందులో పాఠాల వరస చూస్తే తల్లిదండ్రుల మనసు కుదుటపడుతుంది. తెలుపు బెల్టుకి చెప్పింది నిలదొక్కుకోవడం, అంటే దెబ్బ తగలకుండా ఒంటిని కాచుకోవడం. నీలం బెల్టుకి తప్పించుకోవడం. ఊదా రంగుకి గార్డ్, అంటే కిందుండి కాళ్లతో ఎదుటివారిని అదుపు చేయడం. గోధుమ రంగుకి ఆ గార్డ్‌ని దాటడం. పిల్లలు మొదటి రోజే నేర్చేసుకోవాలని ఉబలాటపడే లొంగదీసే పట్లన్నీ చిట్టచివర, బ్లాక్ బెల్టు అధ్యాయంలో ఉన్నాయి. రోజువారీ తరగతిలో ఇంత కచ్చితమైన వరస పాటించడం కుదరకపోవచ్చు. కానీ ముందు కాచుకో, తర్వాత పట్టుకో అన్న క్రమాన్ని మీ పిల్లల గురువు కూడా నమ్ముతున్నారా లేదా అన్నది చూడండి.

మీరు కూడా అర్థం చేసుకోవాలనుకుంటే రెంజో గ్రేసీ, రాయ్లర్ గ్రేసీ పేర్లతో 2001లో వచ్చిన 'బ్రెజిలియన్ జియు-జిట్సు: థియరీ అండ్ టెక్నిక్' చదవండి. పట్ల వెనకున్న ఆలోచన ఏమిటో తెలుస్తుంది.

పుస్తకాన్ని క్లాసుకి ముందు కాకుండా తర్వాత తెరవాలి. ఈ వారం గురువు ఏది నేర్పారో ఆ పేజీ ఒక్కటి చాలు. పిల్లల పక్కన కూర్చుని, "ఈ ఫొటోలో కుడి చెయ్యి ఎక్కడుంది? మోకాలు ఎటు తిరిగింది? నువ్వు చేసినప్పుడు ఎక్కడ ఇరుక్కుపోయావు?" అని అడగండి. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో మీకు విడమరచి చెప్పమనండి. అలా చెప్పగలిగితే వాళ్లకి అర్థమైనట్టే. వీడియోలో అర సెకనులో జారిపోయే కదలిక పుస్తకంలో కదలకుండా ఉంటుంది, ఎంతసేపైనా చూడొచ్చు. తేలని సందేహాన్ని నోట్‌బుక్‌లో రాసి గురువు దగ్గరికి పంపండి. పుస్తకం ఒంటి బరువుని చూడలేదు, తప్పుగా పెట్టిన మోచేతిని సరిచేయలేదు. అది గురువు పనే.

ఒక్కటి మాత్రం కచ్చితంగా చెప్పండి. క్లాసులో నేర్పని పట్టుని వీడియో చూసి ఎవరి మీదా ప్రయోగించకూడదు. ఇంట్లో చెల్లి మీద గానీ, బడిలో స్నేహితుడి మీద గానీ మెడ పట్టు వేయనే కూడదు. మెడకి రెండు పక్కలా ఒత్తితే మెదడుకి రక్తం అందదు. మడమ మెలిపెట్టే పట్టులో నొప్పి తెలిసేలోపే మోకాలి స్నాయువులు తెగిపోవచ్చు. అందుకే సమాఖ్య పోటీల్లో 16 ఏళ్ల లోపు వారికి పాదం పట్లు పూర్తిగా నిషేధం.

ఒంటి సంరక్షణ, మనసు సంరక్షణ

క్లాసుకి వెళ్లే ముందు గోళ్లు కత్తిరించండి. వచ్చిన వెంటనే సబ్బుతో స్నానం చేయించండి. గీ అనే ఆ దళసరి బట్టలు ప్రతిసారీ ఉతకాలి, సంచిలో మర్నాటిదాకా ఉంచకూడదు. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆట కాబట్టి తామర తేలిగ్గా అంటుకుంటుంది. ఒంటి మీద గుండ్రటి మచ్చ, చీముపట్టిన కురుపు కనిపిస్తే డాక్టరుకి చూపించి, తగ్గేదాకా క్లాసు మాన్పించండి. అది తోటి పిల్లల పట్ల కూడా మన బాధ్యత. పళ్లకి మౌత్‌గార్డు కొనండి. తలకి దెబ్బ తగిలినా, మెడ నొప్పి అన్నా ఆ రోజు ఆట ఆపించి డాక్టరుని కలవండి. పోటీలో కింది బరువు విభాగం కోసం ఎదిగే పిల్లల చేత అన్నం, నీళ్లు మాన్పించమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ప్రత్యేకంగా ఒక మాట. మీ అమ్మాయిని తప్పకుండా పంపండి. మీద బరువు పడినా నిబ్బరంగా ఆలోచించగలగడం తనకి జీవితమంతా అక్కరకొస్తుంది. జత ఎవరన్నది తన ఇష్టానికి వదలండి. అమ్మాయిలతోనే సాధన చేస్తానంటే ఆ ఏర్పాటు అడగండి. మగపిల్లలైనా ఆడపిల్లలైనా చెప్పాల్సింది ఇంకొకటుంది: "ఈ పట్లు అందరూ చూస్తుండగా క్లాసులోనే. ఎవరి స్పర్శ అయినా ఇబ్బందిగా అనిపిస్తే, అది గురువుదైనా సరే, ఆగమని చెప్పు. ఇంటికొచ్చి మాకు చెప్పు, మేము నిన్ను కోప్పడం." తలుపు మూసి విడిగా శిక్షణ ఇస్తాననేవారినీ, మీకు తెలియకుండా పిల్లలకి మెసేజ్‌లు పెట్టేవారినీ నమ్మకండి. మన దేశంలో పిల్లల రక్షణకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు "గెలిచావా?" అని అడగకండి. "ఈ రోజు ఎవరితో ఆడావు? ఎందులోంచి బయటపడ్డావు?" అని అడగండి. చాప పక్కన నిలబడి "పట్టుకో, వదలకు" అని అరవకండి. క్లాసులో మాట గురువుది. పిల్లలు రోజూ ఓడిపోతారు, రోజూ తడతారు, మళ్లీ లేచి చేతులు కలిపి ఆడతారు. ఆ అలవాటు కోసమే మనం వాళ్లని పంపుతున్నాం.

ఇంటి దగ్గరుందని, ఫీజు తక్కువని, గోడ నిండా పతకాలున్నాయని తొందరపడి చేర్చకండి. ఈ వారం వీలు చూసుకుని రెండు మూడు చోట్ల క్లాసులు చూసి రండి. పిల్ల తట్టగానే పట్టు వదిలించే గురువు ఎక్కడ కనిపిస్తే అక్కడ నిశ్చింతగా చేర్పించండి.