చేపలను పొగబెట్టే పొయ్యిల నమూనాలు – తులనాత్మక పరిశీలన

సారాంశం

చేపలను పొగబెట్టే పొయ్యిని మెరుగుపరచడంలో కట్టెల పొదుపు, శ్రమ తగ్గింపు, ఆహార భద్రత అనేవి మూడు ప్రధాన లక్ష్యాలు. ఒక నమూనా ఈ మూడింటినీ ఒకే స్థాయిలో సాధించలేదని పశ్చిమ ఆఫ్రికా తీరప్రాంత అనుభవం తెలుపుతున్నది. పీపా పొయ్యి, ఆల్టోనా పొయ్యి, చోర్కోర్ పొయ్యి, థియారోయ్ పద్ధతి అనే నాలుగు నమూనాల నిర్మాణాన్ని, పనితీరును ఈ వ్యాసంలో పోల్చి, విస్తరణ కార్యకర్తలు గమనించవలసిన అంశాలను వివరించడమైనది.

ఉపోద్ఘాతం

పొగబెట్టడం వలన చేపలో మూడు మార్పులు జరుగుతాయి. వేడికి చేప ఉడుకుతుంది, తేమ తగ్గుతుంది, పొగలోని ఫినాలులు, ఆమ్లాలు, ఆల్డిహైడులు చేపపై చేరి సూక్ష్మజీవుల పెరుగుదలను, కొవ్వు ముక్కిపోవడాన్ని అడ్డుకుంటాయి. అయితే నిల్వ కాలాన్ని ప్రధానంగా నిర్ణయించేది పొగ కాదు, మిగిలిన తేమ. ఒకటి రెండు గంటలు పొగబెట్టిన చేపలో 40 నుంచి 55 శాతం తేమ ఉంటుంది. అది ఒకటి నుంచి మూడు రోజులకు మించి నిలువదు. 10 నుంచి 18 గంటలు, అవసరమైతే అంతకు మించి పొగబెట్టి తేమను 10 నుంచి 15 శాతానికి తగ్గిస్తే ఆరు నుంచి తొమ్మిది నెలలు నిల్వ ఉంటుంది. శీతల సదుపాయం లేని పశ్చిమ ఆఫ్రికా గ్రామాలకు ఈ రెండవ పద్ధతి ఆధారమైనది. ఈ పని చేసేవారిలో అత్యధికులు స్త్రీలు. పొయ్యి నమూనాలోని లోపం వారి కంటికి, ఊపిరికి, ఆదాయానికి నేరుగా తగులుతుంది.

పోలికకు ఆధారమైన అంశాలు

కట్టె అసంపూర్ణంగా కాలినప్పుడు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు (పి.ఎ.హెచ్.లు) ఏర్పడతాయి. వీటిలో బెంజో(ఎ)పైరీన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించినది. ఇవి చేపను రెండు మార్గాలలో చేరుతాయి. మొదటిది, మండుతున్న కట్టె పొగ నేరుగా తగలడం. రెండవది, చేప నుండి కారిన కొవ్వు నిప్పుపై పడి కాలి, ఆ పొగ తిరిగి పైకి లేచి చేపపై పేరుకొనడం. కవళ్ల వంటి కొవ్వు అధికంగా గల చేపలలో రెండవ మార్గం ముఖ్యమైనది.

ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరు 1 నుండి పొగబెట్టిన చేప మాంసంలో బెంజో(ఎ)పైరీన్ పరిమితిని కిలోకు 5 మైక్రోగ్రాముల నుండి 2 మైక్రోగ్రాములకు, నాలుగు ముఖ్య పి.ఎ.హెచ్.ల మొత్తాన్ని 30 నుండి 12 మైక్రోగ్రాములకు తగ్గించినది. అందువలన ఐరోపా విపణికి చేపలను పంపే ఉత్పత్తిదారులకు పొయ్యి నిర్మాణమే ప్రవేశార్హతగా మారినది. కావున నమూనాలను సామర్థ్యం, ఇంధనం, శ్రమ, పి.ఎ.హెచ్.ల నియంత్రణ, మన్నిక, పెట్టుబడి అనే ఆరు అంశాలపై పోల్చవలసి ఉన్నది.

నమూనాల వివరణ

1. పీపా పొయ్యి: సుమారు 200 లీటర్ల ఖాళీ నూనె పీపాకు అడుగున నిప్పు ద్వారం కోసి, పైన వల అమర్చుతారు. ఖర్చు తక్కువ; నిర్మాణం సులభం. కాని ఒక విడతకు పట్టే చేప కొద్దిపాటిదే. పలుచని రేకు గుండా వేడి బయటికి పోవడం వలన కట్టెలు ఎక్కువ కావాలి. ప్రతి చేపను చేతితో తిప్పవలసి రావడం వలన వేళ్లు కాలుతాయి. ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది. కొవ్వు నేరుగా నిప్పులో పడుతుంది.

2. ఆల్టోనా పొయ్యి: నిప్పు గదిపై మూసిన పెట్టెను నిలిపి, అందులో సొరుగుల వలె వల పళ్లేలను అమర్చిన నమూనా ఇది. పొగ, వేడి లోపలే నిలిచి ఉంటాయి. కాని లోహపు పెట్టె ధర అధికం. పళ్లేల సంఖ్య పెట్టె పరిమాణానికి కట్టుబడి ఉంటుంది.

3. చోర్కోర్ పొయ్యి: ఘనా రాజధాని అక్రాలోని చోర్కోర్ అనే మత్స్యకార వాడ పేరు దీనికి వచ్చినది. ఘనా ఆహార పరిశోధన సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) సహకారంతో ఇది రూపుదిద్దుకొన్నది. మట్టితో గాని, సిమెంటు దిమ్మెలతో గాని కట్టిన దీర్ఘచతురస్రపు గోడ, ముందు రెండు నిప్పు ద్వారాలు, పైన ఒకదానిపై ఒకటి పేర్చిన కొయ్య చట్రాల వల పళ్లేలు దీని భాగాలు. పది నుంచి పదిహేను పళ్లేలు పేర్చినప్పుడు ఆ దొంతరే పొగగొట్టంగా పనిచేయడం ఈ నమూనాలోని కీలకం. వేడి వృథా కాక ప్రతి అంతస్తు గుండా సాగుతుంది. చేపలను ఒక్కొక్కటిగా తిప్పే బదులు పళ్లేల స్థానాలను మార్చితే చాలును. గోడ పైభాగం సమతలంగా ఉండి, చట్రం గోడ మందం నడిమికి ఆనవలెను. లేనిచో పొగ సందుల గుండా పోతుంది, చట్రం అంటుకొంటుంది.

ఇంధనం, శ్రమ విషయంలో ఈ పొయ్యి గొప్ప మెరుగుదల. కాని చేప ఇప్పటికీ నిప్పుపైనే ఉన్నది. పళ్లేల సంఖ్య పెరిగిన కొలది పైనుండి కిందికి కారే కొవ్వు కూడా పెరుగుతుంది. పి.ఎ.హెచ్.ల సమస్యను ఈ నమూనా పరిష్కరించలేదు. పరిష్కరించుటకు ఉద్దేశించినది కూడా కాదు.

4. ఎఫ్.ఎ.ఓ.–థియారోయ్ పద్ధతి: సెనెగల్‌లోని మత్స్య సాంకేతిక నిపుణుల జాతీయ శిక్షణ కేంద్రంతో కలిసి ఎఫ్.ఎ.ఓ. 2008లో ఈ రూపకల్పన ప్రారంభించినది. చోర్కోర్ వంటి పాత పొయ్యికే అదనపు భాగాలను చేర్చడం దీని పద్ధతి. అవి: బొగ్గు నిప్పుల కుంపటి, కొవ్వును పట్టి వెలుపలికి పంపే పళ్లెం, వేడిని సమంగా పంచే అమరిక, విడిగా పొగ పుట్టించే పరికరం. ముందుగా పొగ లేని నిప్పుల వేడితో చేపను ఉడికించి ఆరబెడతారు. చివరిలో మాత్రమే కొబ్బరి పీచు, చెరకు పిప్పి వంటి వ్యర్థాల నుండి వచ్చే పొగను వడగట్టి, రంగు, రుచి కొరకు పంపుతారు. పి.ఎ.హెచ్.లు చేరే రెండు మార్గాలూ ఈ విధంగా మూసుకుపోతాయి.

చర్చ

ఇదే సూత్రం మాంసాన్ని పొగబెట్టే అమెరికా బార్బెక్యూ పొయ్యిలలోనూ కనిపిస్తుంది. పీపా నమూనాలో కొవ్వు నిప్పులపై పడుతుంది. నిలువు నమూనాలో నిప్పుకు, మాంసానికి నడుమ ఉంచే నీటి పళ్లెం కొవ్వును పట్టి, వేడిని మందగింపజేస్తుంది. పక్క పెట్టెలో నిప్పు ఉండే నమూనాలో మాంసం నిప్పుకు దూరంగా ఉంటుంది. నిప్పుకు, ఆహారానికి నడుమ దూరం గాని, అడ్డు గాని కల్పించడమే అన్నిటా మెరుగుదలకు మూలమని దీనివలన గ్రహించవచ్చును.

అయితే భద్రతలో మేలైన థియారోయ్ పద్ధతికి పెట్టుబడి అధికం. అది బొగ్గుపై ఆధారపడినది. సంప్రదాయ మట్టి ఆవములలో ఒక కిలో బొగ్గుకు ఐదు నుంచి పది కిలోల కట్టె కావలెను. పొయ్యి వద్ద ఆదా అయిన కట్టె అడవి వద్ద ఖర్చు కావచ్చును. కావున ఇంధన పొదుపును పొయ్యి వద్ద గాక, కట్టె కొట్టిన చోటి నుండి లెక్కించవలెను. మరొక చిక్కు ధర. సురక్షితమైన చేపకు స్థానిక విపణిలో అధిక ధర రానిచో, ఆ భద్రత ఖర్చంతా తయారుచేసే స్త్రీపైనే పడుతుంది.

విస్తరణకు సూచనలు

• నమూనాను ఎంచుటకు ముందు చేపలోని కొవ్వు, విపణి దూరం, స్థానికంగా దొరికే ఇంధనం తెలుసుకోవలెను.
• పాత పొయ్యిని కూల్చకుండా ముందుగా కొవ్వు పళ్లెం చేర్చడం తక్కువ ఖర్చుతో కూడిన తొలి మెట్టు.
• రంగు వేసిన కొయ్య, ప్లాస్టిక్, టైర్లు ఇంధనంగా వాడరాదు.
• పొయ్యిపై గాలి ఆడే పాక, పొగ పోయే దారి తప్పనిసరి. చేపలోని పి.ఎ.హెచ్.లు తగ్గినంత మాత్రాన పనివారు పీల్చే పొగ తగ్గినట్లు భావించరాదు.
• తేమ తగినంత తగ్గని చేపను నిల్వకు పెట్టరాదు. బూజు, పురుగు ఆశిస్తాయి.

ఆంధ్ర తీరంలో ఎండుచేపలకే ప్రాధాన్యం ఎక్కువ. వర్షాకాలంలో ఎండ చాలనప్పుడు పొగ పొయ్యి ప్రత్యామ్నాయం కాగలదు. కోనసీమ వంటి ప్రాంతాలలో కొబ్బరి పీచు పుష్కలంగా లభిస్తుంది. అయితే స్థానికులు పొగ రుచిని ఆదరిస్తారా అన్నది ముందుగా పరీక్షించవలసిన అంశం.

ముగింపు

చోర్కోర్ పొయ్యి శ్రమను, కట్టెలను తగ్గించినది. థియారోయ్ పద్ధతి చేపను సురక్షితం చేసినది. మొదటిది విస్తృతంగా వ్యాపించుటకు కారణం స్థానిక సామగ్రితో, ఊరి మేస్త్రి, వడ్రంగి నిర్మించగలగడమే. రెండవది వ్యాపించవలెనన్నచో దాని భాగాలకు కూడా అదే గుణం కలిగించవలసి ఉన్నది. పరిశోధకుల, విస్తరణ శాస్త్రవేత్తల ఉమ్మడి కృషి ఈ దిశగా సాగవలెను.