శాతాల తేడా – నిజంగా తేడాయేనా?

పదో తరగతి ఫలితాలు రాగానే మన హాస్టళ్లలో శాతాల పోలిక మొదలవుతుంది. బందరులో 20 మందికి 16 మంది పాసై 80 శాతం, గుడివాడలో 25 మందికి 21 మంది పాసై 84 శాతం వచ్చిందనుకుందాం. గుడివాడ మేలనగలమా? బందరులో ఇంకొక్కరు గట్టెక్కితే 85 శాతం! ఒక్కరితో తారుమారయ్యే తేడా యాదృచ్ఛికం కావచ్చు. దాన్ని చూపి ట్యూటర్‌ను మాన్పించడం మాకు న్యాయంగా తోచదు.

సంఖ్య పెద్దదైతే ఇంకో చిక్కు. వేలమందిని పోలిస్తే అర మార్కు తేడా కూడా గణాంకపరంగా సార్థకమే కావచ్చు. కానీ లెక్కల్లో 30 దగ్గర ఆగిన అవనిగడ్డ విద్యార్థిని ఆ అర మార్కు 35కు చేర్చదు.

ఈ రెండు గండాలూ దాటిన అధ్యయనం మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిన విడదీసి, 200 బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ వచ్చేలా చేశారు. మిగతా 100 బడులు పోలిక కోసం. రెండేళ్లకు బోనస్ బడులు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నాయి. అన్ని బడుల్లో ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడం చాలా అరుదు. గణితంలోనైతే, నూరుమంది వరుసలో నడుమనున్న పిల్లవాడు సుమారు పదిమందిని దాటినట్లు. ఇచ్చిన బోనస్ సగటున టీచరు ఏడాది జీతంలో 3 శాతమే.