వయసు తెచ్చిన జబ్బా, పని తెచ్చిన జబ్బా?

సోలాపూర్ దుప్పటికి దేశమంతటా పేరున్నది. దానిని నేసే మరమగ్గాల వెనుక, తెలంగాణ ప్రాంతం నుండి వచ్చి తరాలుగా ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాల శ్రమ ఉన్నది. ఆ ఇళ్లలో యాభై దాటిన నేతకార్మికునికి చెవి మందగించినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోవడం పరిపాటి. ఆ మాటతో కుటుంబం చాలా పోగొట్టుకొంటున్నది. వయసు వల్ల వచ్చిన జబ్బుకు ఎవరూ జవాబుదారులు కారు. పనిచోటు వల్ల వచ్చిన జబ్బుకు చట్టప్రకారం పరిహారం ఉన్నది.

ప్రత్తి ధూళి వలన కలిగే ఊపిరితిత్తుల వ్యాధిని బిసినోసిస్ అంటారు. దూది ఏకేచోట, నూలు వడికేచోట ఇది అధికం. మగ్గాల వద్ద కొంత తక్కువే గాని లేకపోలేదు. దీని రాకకు ఒక వింత క్రమం ఉన్నది. వారపు సెలవు గడిచి పనిలోకి దిగిన మొదటి రోజున, కొన్ని గంటలకు ఛాతీ బిగబట్టినట్లవుతుంది, దగ్గు వస్తుంది. మరునాటికి తగ్గుతుంది. తగ్గింది గనుక అది జలుబేనని అనుకొంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగింపు వారమంతా ఉంటుంది. చివరకు సెలవునాడు కూడా వదలదు. తొలిదశలో ధూళికి దూరమైతే ఊపిరితిత్తులు చాలావరకు కోలుకొంటాయి. ముదిరిన పిమ్మట పూర్వస్థితి రాదు. పొగత్రాగేవారికి హాని మరింత ఎక్కువ.

చెవి నష్టం నొప్పి లేకుండా జరుగుతుంది. శబ్దం 90 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటలు, 95 ఉంటే 4 గంటలు మాత్రమే అన్నది ఫ్యాక్టరీల నియమావళిలోని హద్దు. నాడెతో నడిచే మగ్గాల గదులు తరచు ఆ హద్దును దాటుతాయి; 12 గంటల షిఫ్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొలిచే పరికరం లేకున్నా ఒక గుర్తున్నది: చేయి చాచినంత దూరంలోని మనిషికి అరచి చెప్పవలసి వస్తే ఆ చప్పుడు చెవికి చేటు. ముందుగా పోయేది సన్నని ధ్వనులు, అంటే ‘స’, ‘ష’ వంటి హల్లుల స్పష్టత. మాట వినిపిస్తుంది, అర్థం కాదు. పిలిస్తే పలకడని ఇంటివారు విసుక్కొంటారు. పోయిన వినికిడి మందులతో తిరిగిరాదు. చెవిలో దూది పెట్టుకొన్నందువల్ల పెద్దగా మేలు లేదు. నురుగుతో చేసిన ఇయర్‌ప్లగ్గును సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనుకకు లాగి లోనికి దూర్చాలి.

ఇంట బీడీలు చుట్టే స్త్రీలకు ఇల్లే పనిచోటు. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి చేరుతుంది. తలతిప్పుట, వికారం కలిగితే పొగాకును కూడా అనుమానించాలి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా పసిబిడ్డను ఎత్తుకోరాదు.

దవాఖానాలో కేస్ పేపర్ రాయించేటప్పుడు చాలామంది ‘దమ్ లాగ్తో’ అన్న మరాఠీ మాటతో ఆపివేస్తారు. వైద్యుడు దానిని ఉబ్బసమనుకోవడంలో తప్పు లేదు. ఏ పని, ఎన్నేళ్లుగా, సెలవునాడు తగ్గుతుందా, మళ్లీ పనిలోకి దిగిన రోజున హెచ్చుతుందా అన్న నాలుగు సంగతులు చెప్పి, వృత్తిని కేస్ పేపర్ మీద రాయించుకోవాలి. భాష తడబడితే తెలిసినవారిని వెంట తీసుకొనిపోవడం మేలు.

వృత్తిరోగాన్ని పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూడడం 1923 నాటి పరిహార చట్టం నుండే ఉన్నది. బిసినోసిస్, శబ్దం వలన కలిగే చెవుడు రెండూ నేడు వృత్తిరోగాల పట్టికలో ఉన్నాయి. 10 మందికి తక్కువ కాకుండా పనిచేసే కార్ఖానాలో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. కార్మికుని వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. వాటా కోతపడుతున్నా బీమా సంఖ్య తెలియనివారు ముందుగా దానిని యజమాని వద్ద అడిగి రాసిపెట్టుకోవాలి. చిన్న కార్ఖానాలవారికి ఈఎస్ఐ లేకున్నా పరిహారం కోరే హక్కు ఉన్నది. అప్పుడు తొలి సాక్ష్యంగా పనికివచ్చేది వృత్తి రాసి ఉన్న ఆ పాత కేస్ పేపరే. దానిని పారవేయరాదు.