జుక్కల్ కుర్రకారుకు బొమ్మల కొలువులు, మాటల కొలువులు

మద్నూర్‌లోనో బిచ్కుందలోనో ఏదైనా ఫ్లెక్సీ షాపుకెళ్లి కాసేపు నిలబడండి. పుట్టినరోజు బ్యానర్ కోసం వచ్చిన ఫొటోలోంచి మనిషిని వేరుచేస్తూ ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. ఫొటోషాప్‌లో పెన్ టూల్ తీసుకుని చెవి పక్కనుంచి భుజం మీదుగా చుక్కలు పెట్టుకుంటూ పోతాడు. జుట్టు దగ్గర ఆగి, జూమ్ చేసి, మళ్లీ కదులుతాడు. బ్యానర్ మీద పాతిక మంది నాయకుల తలకాయలుంటే పాతిక సార్లూ ఇదే పని. హైదరాబాద్‌లోని విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా అప్పగించే పని కూడా దాదాపు ఇదే. దాన్ని రోటో అంటారు. కాకపోతే అక్కడ బొమ్మ కదులుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఐదు సెకన్ల షాట్‌లో హీరోను వెనకున్న గోడ నుంచి వేరుచేయాలంటే 120 ఫ్రేముల్లోనూ ఆ అంచు వణక్కుండా నిలవాలి. ఓపిక, కంటి చూపు, చేతి నిలకడ అక్కడా ఇక్కడా ఒకటే.

‘బొమ్మలేస్తే బువ్వొస్తదా?’ అని ఇంట్లో పెద్దలు అడిగితే కోపం తెచ్చుకోవద్దు. వాళ్లకు తెలిసిన కొలువులు టీచరు, కానిస్టేబులు, నర్సు, మహా అయితే సాఫ్ట్‌వేర్. సినిమా అంటే తెర మీద కనిపించే నలుగురే అనుకుంటారు. ఆ నలుగురి వెనక ఎడిటర్, సౌండ్ డిజైనర్, కాస్ట్యూమ్ డిజైనర్, డబ్బింగ్ రచయిత, సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు ఉంటారు. సినిమా దాటితే యానిమేషన్, గేమ్‌లు, ప్రకటనలు, యాప్‌ల డిజైన్, పుస్తకాల బొమ్మలు. పిల్లలంతా చూసే ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్ కంపెనీయే. ‘ఈగ’కు జాతీయ అవార్డు తెచ్చిన ఎఫెక్ట్స్ కూడా హైదరాబాద్ స్టూడియో మకుటవే.

ఈ కొలువుల పోటీలో జుక్కల్ ప్రాంతపు పిల్లల దగ్గర నగరం పిల్లల దగ్గర లేని ఆస్తి ఒకటుంది. ఇటు దెగ్లూర్, అటు ఔరాద్. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ పక్కనే. ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ, చుట్టాలింట్లో కన్నడ, బస్టాండులో హిందీ. తండాలోనైతే లంబాడీ అదనం. ఇన్ని భాషలు చెవిన పడుతూ పెరిగినా దాన్ని చదువు కింద ఎవరూ లెక్కగట్టరు. అది తప్పు. కేజీఎఫ్ సినిమా వచ్చిన 2018 నుంచి ఒక భాషలో తీసి ఐదు భాషల్లో విడుదల చేయడం మామూలైపోయింది. ఓటీటీలు వచ్చాక డబ్బింగ్, సబ్‌టైటిల్స్ పని ఇంకా పెరిగింది.

డబ్బింగ్ రాయడమంటే అర్థం చెప్పేస్తే సరిపోదు. ప, బ, మ పలికినప్పుడు పెదవులు మూసుకుంటాయి. తెర మీద కన్నడ నటుడి పెదవులు మూసుకున్న చోట తెలుగులోనూ అలాంటి అక్షరమే పడాలి, వాక్యం అతని నోటితోపాటే ముగియాలి, పైగా వినేవాడికి అది తెలుగులాగే ఉండాలి. కన్నడ, తెలుగు రెండూ ఇంటి భాషల్లా వచ్చినవాడికే ఇది కుదురుతుంది. సబ్‌టైటిల్స్‌కు సాధారణంగా వీడియో నిడివిని బట్టి నిమిషానికి ఇంత అని ఇస్తారు. మొదట్లో ఆ డబ్బు తక్కువే. పైగా ముడి అనువాదం ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది. యాస, తిట్టు, సామెత దగ్గర మాత్రం అది తడబడుతుంది. దాన్ని సరిదిద్దే మనిషికే ఇకముందు గిరాకీ. అందుకని మాట్లాడటం వస్తే చాలనుకోకండి. మరాఠీ, కన్నడ చదవడం, రాయడం కూడా నేర్చుకోండి. ఒక వేసవి చాలు.

దూరం పోకుండా చూడదగ్గ పాఠం ఒకటి పక్క జిల్లాలోనే ఉంది. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో దాన్ని నడిపింది పల్లెటూరి దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ లాంటివాళ్లు రికార్డింగ్, ఎడిటింగ్ నేర్చుకుని తమ యాసలోనే కార్యక్రమాలు చేశారు. అంతకుముందే అక్కడి మహిళలు వీడియో కెమెరాలు పట్టి బీటీ పత్తి రైతుల కష్టాల మీద సినిమాలు తీశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి కుర్రాళ్లు 2012లో పెట్టిన మై విలేజ్ షో సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, గంగవ్వను మీరంతా చూసే ఉంటారు. అయితే యూట్యూబ్‌ను చూసి మోసపోకండి. వంద చానళ్లు పుడితే నిలిచేవి ఏవో కొన్ని. చానల్‌ను జీతం అనుకోవద్దు, మీ పనిని నలుగురికీ చూపించుకునే చోటు అనుకోండి.

ఈ రంగంలో కష్టనష్టాలూ ఉన్నాయి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమా ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. అప్పటికి కొద్ది రోజుల ముందే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ప్రాజెక్టు ఉంటే రాత్రీపగలూ పని, లేకపోతే ఖాళీ. నేను మొదట్లో చెప్పిన రోటో పనిని కూడా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చాలావరకు లాక్కుంటోంది. కాబట్టి దాన్ని గడపగానే చూసి ఏడాది రెండేళ్లలో, వేరుచేసిన బొమ్మలను ఒకే ఫ్రేములో అతికే కంపోజిటింగ్ వైపో, ఎడిటింగ్ వైపో జరగాలి.

ఇంకో మాట. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టి, సర్టిఫికెట్ కోర్సుకు లక్షలు గుంజే సంస్థలకు పొలం కుదువపెట్టి కట్టొద్దు. స్టూడియోవాళ్లు సర్టిఫికెట్ అడగరు, షోరీల్ అడుగుతారు. మీరు చేసిన పనుల్లో మేలైనవి ఏరి కూర్చిన ఒకటి రెండు నిమిషాల వీడియో అది. దాన్ని తయారుచేసుకోవడానికి బ్లెండర్, క్రిటా సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. డావిన్సీ రిజాల్వ్‌కూ ఉచిత వెర్షన్ ఉంది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే చేశారు. ఆ దేశ జనాభా ఇరవై లక్షలు కూడా ఉండదు.

కాలేజీలో పద్ధతిగా నేర్చుకోవాలంటే మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ముందు గుర్తురావాలి. నాలుగేళ్ల బీఎఫ్ఏలో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. ప్రవేశపరీక్ష పేరు ఎఫ్ఏడీఈఈ. చూడకుండా జ్ఞాపకం మీద బొమ్మ గీయమంటారు, కాబట్టి సంతనో, బావినో, ఎడ్లబండినో రోజూ గీసి చేయి తిప్పుకోండి. డిజైన్ చదవాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ), ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్, ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి. వీటికి ఇంటర్‌లో ఎంపీసీయే ఉండాలని లేదు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లూ రాయొచ్చు. ఐఐటీలో సీటుకు యూసీడ్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. ఎన్ఐడీ, నిఫ్ట్ ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్‌తోపాటు హిందీలోనూ ఉంటాయి. సరిహద్దు పిల్లలకు అదొక ఊరట. ఎన్ఐడీ, నిఫ్ట్‌లలో ఏడాది ఫీజు లక్షల్లోనే ఉంటుంది, స్కాలర్‌షిప్పుల సంగతి ముందే కనుక్కోండి. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు.

చేతిపనిని చిన్నచూపు చూడొద్దు. అమ్మమ్మలు అద్దాలు కుట్టే లంబాడీ కుట్టు డిజైన్ చదివేవాళ్ల చేతిలో పడితే పోర్ట్‌ఫోలియో అవుతుంది. పక్కనే బీదర్‌లో, జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి తీగ పొదిగి, కోట మట్టితో నల్లబరిచే బిద్రీ పని ఇంకా బతికే ఉంది. సెలవుల్లో వెళ్లి చూసి రండి.

చివరగా, ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లకు. డిజైన్ పరీక్షల దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి రోజుల నుంచే ఒక్కొక్కటిగా మొదలవుతాయి. బోర్డు పరీక్షలు అయ్యాక వెతికితే అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. ఎన్ఐడీ, నిఫ్ట్, ఐఐటీ కేంద్ర సంస్థలు కాబట్టి బీసీ విద్యార్థులకు రాష్ట్ర సర్టిఫికెట్ సరిపోదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అదీ గడువులోపల ఉన్నది కావాలి. పండుగ సెలవులు మొదలుకాకముందే మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఆఫీసులో సంతకం చేయించి ఉంచుకోండి.